ఎవరూ ముందుగా లేవని గది

నా దగ్గర పనిచేసేవాళ్ళ ముఖాల కంటే వాళ్ళ ఇళ్ళల్లో తిరిగే సీలింగు ఫ్యాన్లే నాకు బాగా గుర్తు. వీడియో మీటింగులో ల్యాప్‌టాపు మూత ఎంతవరకు ఎత్తాలో మావాళ్ళకి ఇప్పటికీ తెలియదు. భీమడోలు ఫ్యాను ఆకుపచ్చది, తిరుగుతూ ఒక పక్కకి ఊగుతుంది. ఉంగుటూరు ఫ్యాను రెక్కల మీది దుమ్ము ఎవరూ దులపరు. తాడేపల్లిగూడెం ఫ్యాను కొత్తది, దానికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా పూర్తిగా తియ్యలేదు. కొల్లేటి లంకలో ఉండే అతనికి మాత్రం ఫ్యాను కనిపించదు, తల వెనక ఎప్పుడూ ఆకాశమే. గాలి కోసం డాబా మీద కూర్చుంటాడేమో అనుకునేదాన్ని.

మాది ఆసుపత్రి బిల్లులు పరిశీలించే కంపెనీ. రోగి ఎన్నాళ్ళున్నాడు, ఏ మందులు వాడారు, రాసిన పరీక్షలు నిజంగా చేశారా లేదా అన్నది చూసి బీమావాళ్ళకి పంపుతాం. పెద్దాఫీసు హైదరాబాదులో ఉంది. ఏలూరు జట్టుతో పాటు ఇంకో మూడు ఊళ్ళ జట్లకి నేను పెద్దని. విజిటింగ్ కార్డు మీద నా హోదా ఒక లైనులో పట్టక రెండో లైనులోకి దిగింది. ఆ కార్డు చేతికివ్వడానికి మనిషంటూ ఎదురుపడి చాలా కాలమైంది.

ఒకప్పుడు మాకూ ఆఫీసు ఉండేది. ఏలూరు పవర్‌పేటలో బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో. మెట్లెక్కుతుంటే కొత్త బట్టల గంజి వాసన వచ్చేది. కరోనా రోజుల్లో అందరం ఇళ్ళకి పోయాం. పని ఆగలేదు. అద్దె మిగులుతోందని హైదరాబాదువాళ్ళు కనిపెట్టారు, అంతే, ఆఫీసు మళ్ళీ తెరుచుకోలేదు. బల్లలు అమ్మేశారు. కుర్చీలు మాత్రం ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళమన్నారు. ఆ రోజు ఆటోల్లో చక్రాలున్న ఆఫీసు కుర్చీలు ఒళ్ళో పెట్టుకుని తలొక దారిన వెళ్ళిపోతుంటే నేను మెట్ల దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. పెళ్ళయ్యాక విడిదింటి నుంచి చుట్టాల్ని పంపించినట్టు ఉంది. నా కుర్చీ ఇప్పుడు కాలవ ఒడ్డున ఉన్న నా ఫ్లాటులో, పడగ్గది కిటికీ పక్కన ఉంది.

ఆ ఫ్లాటులో నేనొక్కదాన్నే ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని చర్చిలో ఆడవాళ్ళు అడుగుతుంటే ఒకప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, అది ఇంకా బాగా లేదు.

ఇంటి నుంచి పని మొదలై ఏడాది దాటాక పెద్దాఫీసు మాలాంటి పై అధికారులకి ఒక శిక్షణ పెట్టింది. దూరంగా ఉన్న జట్టుని ఎలా నడిపించాలన్నది విషయం. తెర మీదికి ఒకాయన వచ్చాడు. వెనకాల పుస్తకాల అలమర, పక్కన మొక్క, ముఖం మీద చక్కటి వెలుతురు. మాకందరికీ ఆయన ఇల్లు చూసే సగం నమ్మకం కుదిరింది. "మీ సిబ్బందికి మీరు అందుబాటులో ఉన్నారని అనిపించాలి. ఆఫీసులో మీ గది తలుపు తెరిచి ఉంచేవారు కదా, ఇక్కడా అలాగే ఒక తలుపు తెరిచి ఉంచండి. ఎవరికి ఇష్టమైతే వాళ్ళు వస్తారు, ఇష్టమైనప్పుడు పోతారు" అన్నాడు. ఆయన ఏ ఊరివాడో తెలియదు గానీ గోదావరి జిల్లాల్లో పుట్టినవాడు మాత్రం కాదు. మా వైపు మనిషయితే "ఇష్టమైనప్పుడు పోతారు" అనే మాట నోటెంట రాదు.

నేను మాత్రం ఆ మాట బుద్ధిగా రాసుకున్నాను. మర్నాడే మా ఏలూరు జట్టువాళ్ళకి చెప్పాను: సాయంత్రం ఆరింటికి పని అయిపోతుంది కదా, ఆ తరవాత మీటింగు గది తెరిచే ఉంచుతాను, ఏదైనా మాట్లాడాలనుకున్నవాళ్ళు ఉండొచ్చు, కష్టసుఖాలు చెప్పుకోవచ్చు అని. అందరూ "అలాగేనండీ మేడం గారూ" అన్నారు. ఆ సాయంత్రం ఆరు దాటాక చూస్తే ఒక్కరూ కదల్లేదు. పద్నాలుగు పేర్లూ తెర మీద వరసగా ఉన్నాయి. నా మనసు నిండిపోయింది.

మొదట్లో ఏవో కబుర్లు నడిచాయి. ఎవరింటి ముందు కాలవకి గండి పడింది, పెదవేగి వైపు పామాయిల్ గెలల ట్రాక్టరు ఎక్కడ తిరగబడింది, ఎవరి పిల్లకి ఏ కాలేజీలో సీటు వచ్చింది అని. తరవాత తరవాత మాటలు తగ్గాయి, కెమెరాలు ఆగిపోయాయి, పేర్లు మాత్రం మిగిలాయి. దానికి నేను నొచ్చుకోలేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు మాత్రం గంటల తరబడి మాట్లాడుకుంటారా ఏమిటి? నేను వంటింట్లోకి వెళ్ళి ఉప్మా చేసుకుని వచ్చి, ల్యాప్‌టాపు ముందు కూర్చుని తినేదాన్ని. మధ్యలో "అక్కడ వాన పడుతోందా?" అని ఊరికే అడిగేదాన్ని. "పడుతోందండీ" అని భీమడోలు నుంచి వెంటనే జవాబు వచ్చేది. ఇంకెవరో మైకు తెరిచి "ఇక్కడ మబ్బేసిందండీ, ఇంకా పడలేదండీ" అనేవారు. నాకు అంతకంటే ఏం కావాలి? నా ఇంట్లో సాయంత్రాల్లో అంతమంది ఎప్పుడూ లేరు.

గది మూసెయ్యాలని అప్పుడప్పుడు అనిపించేది. కళ్ళు లాగేవి, నడుం పట్టేసేది. అయినా వాళ్ళందరూ ఉండగా నేను లేచిపోతే ఏం బాగుంటుంది? పనుంటే వాళ్ళే వెళ్తారు కదా, కూర్చున్నారంటే కూర్చోవాలని ఉండబట్టేగా అనుకుని ఏడున్నర దాకా, ఒక్కోసారి ఎనిమిది దాకా సర్దుకుని కూర్చునేదాన్ని. నేను పెరిగింది తాడేపల్లిగూడెంలో, మిషన్ బడి మాస్టారి ఇంట్లో. ఇంటికొచ్చినవాళ్ళు లేస్తే తప్ప ఇంటివాళ్ళు లేవకూడదని మాకు చిన్నప్పుడే నేర్పారు. తెర మీది గదిలో ఇంటివాళ్ళెవరో, వచ్చినవాళ్ళెవరో నేను ఆలోచించలేదు.

ఒక్క చిక్కు మాత్రం ఉండేది, సిగ్నల్. రోజూ ఆరుంపావు ప్రాంతంలో ఎవరో ఇద్దరు ముగ్గురు మాయమైపోయేవారు. "సిగ్నల్ పోయిందండీ" అని తరవాత మెసేజీ వచ్చేది. ఒకరోజు ఉంగుటూరుకి, ఒకరోజు తాడేపల్లిగూడేనికి, ఒకరోజు ఏలూరు నడిబొడ్డుకే పోయేది. నేను ఊరుకునే రకాన్ని కాదు. ఇంటర్నెట్ కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి, సాయంత్రమయ్యేసరికి మీ లైన్లకి ఏం రోగమని కడిగేశాను. వాళ్ళు మనిషిని పంపి అన్నీ చూసి, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. వాళ్ళని నమ్మలేదు.

సిగ్నల్ ఎప్పుడూ పోనిది భీమడోలుకే. అక్కడ ఉండే అమ్మాయి నాకు కుడిభుజం. అమ్మాయి అంటున్నాను గానీ పెళ్ళయి, రెండో తరగతి చదివే కూతురున్న మనిషి. భర్తకి ఎరువుల కొట్టు. ఆఫీసు మూతపడ్డాక చేరింది కాబట్టి ఎదురెదురుగా ఎప్పుడూ చూడలేదు. అయినా రోజులో నేను ఎక్కువగా మాట్లాడేది ఆమెతోనే. జట్టులో ఎవరికి ఏ పని అప్పగించాలో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి బిల్లు వెనక్కి వచ్చిందో అన్నీ ఆమె చెప్పాలి. చెప్పేటప్పుడు ఒక్కోసారి నవ్వేది. ఆ నవ్వు వినడం కోసం కొన్ని అక్కర్లేని ప్రశ్నలు కూడా అడిగేదాన్ని.

కార్తీకంలో ఒక గురువారం పొద్దున్న ఆమె నుంచి రాజీనామా మెయిలు వచ్చింది. ఇంటి కారణాల వల్ల కొనసాగలేకపోతున్నాను, ఇన్నాళ్ళు నేర్పినందుకు కృతజ్ఞతలు, నోటీసు నెలంతా పనిచేస్తాను. ఇంతే. వెంటనే ఫోన్ చేశాను.

"ఏం జరిగిందమ్మా?"

"ఏం లేదండీ. ఇంట్లో వీలు పడట్లేదండీ."

"పని ఎక్కువైందా? తగ్గిస్తాను."

"అబ్బే, పనికేమండీ. పని బానే ఉందండీ."

"జీతం సంగతా?"

"అయ్యో, అదేం కాదండీ మేడం గారూ."

ఏది అడిగినా కాదనే చెప్పింది, ఏది అవునో మాత్రం చెప్పలేదు. ఆ రోజూ మర్నాడూ నేను ఏం చెప్పినా "అలాగేనండీ" అంటూ చేసింది. వాళ్ళూ వీళ్ళూ చెయ్యాల్సిన పని కూడా మీదేసుకుంది. ఆమె వెళ్ళిపోతే పనికేం, ఇంకొకరిని పెట్టుకుంటాం, నడుస్తుంది. నాకు మాత్రం పొద్దున్న లేచాక పేరు పెట్టి పిలిచి మాట్లాడే మనిషి ఉండదు. ఆ మాట నాకు నేను ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్నాక శనివారం మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాను. వస్తున్నానని బయల్దేరాకే చెప్పాను, ముందే చెబితే "అలాగేనండీ" అని పిండివంటలు మొదలుపెడుతుందని.

భీమడోలు స్టేషనుకి భర్త స్కూటరు మీద వచ్చి తీసుకెళ్ళాడు. ఇల్లు దగ్గరే. గుమ్మంలో నిలబడి ఉన్న ఆమెని చూసి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. మనిషి ఇంత పొడుగని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ మెడ దాకానే చూశాను మరి. ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అత్తగారు చేగోడీల పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, తనివితీరా చూసింది.

"మీరేనాండీ మేడం గారు! రోజూ గొంతు వింటాం గానండీ, మనిషిని చూడ్డం ఇదేనండీ."

"నా గొంతు మీరెక్కడ వింటారండీ పిన్నిగారూ?"

"సాయంత్రం మీటింగులోనండీ. ఆరయ్యేసరికి మా ఇంట్లో టీవీ కట్టేస్తామండీ. కుక్కరు కూడా ముందే దింపేసుకుంటాం. విజిలేస్తే మీకు వినపడుద్దని కోడలి భయం. పిల్ల ఎక్కాలు కూడా పెదాలతోనే చదువుద్దండీ. మా అబ్బాయి కొట్టు కట్టేసొచ్చి, వీధిలోనే స్కూటరాపి నడిపించుకొస్తాడండీ."

ఆవిడ ఫిర్యాదు చెయ్యడం లేదు. వాళ్ళింట్లో నాకెంత గౌరవముందో చెబుతోంది. నా చేతిలో చేగోడీ అలాగే ఉండిపోయింది.

"అంత అవసరం లేదండీ. మైకు ఆపుకోవచ్చు కదా. అసలు అప్పటికి పని అయిపోతుందండీ, లేచి వెళ్ళిపోవచ్చు."

"అదేవిటండీ, మీరు కూర్చునుండగా తనెలా లేచిపోద్దండీ? మైకు ఆపాక కూడా నమ్మకం లేదండీ మా కోడలికి. మీరు లేచేదాకా ఎవరూ లేవరంట కదండీ. మరి పెద్దవాళ్ళ దగ్గర అంతే కదండీ."

కాఫీ గ్లాసుతో వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తగారి వంక చూసింది, నా వంక చూసింది. ఆ ముఖం చూశాక రాజీనామా కారణం నేను అడగక్కర్లేకపోయింది. కాఫీ తాగుతున్నంతసేపూ అత్తగారొక్కరే చేగోడీలు ఇంకో రెండు వేసుకోమని బలవంతం చేస్తూ కూర్చుంది.

స్టేషనుకి నడిచి వెళ్దామన్నాను. దారిలో ఆమె మొత్తం చెప్పింది, తల ఎత్తకుండా. మొదటి నెలలోనే అందరికీ ఇబ్బంది అయిందట. మేడం గారు కూర్చుని ఉండగా ముందు ఎవరు వెళ్తారన్న దగ్గర ఆగిపోయారట. చివరికి వాళ్ళలో వాళ్ళు వంతులు వేసుకున్నారు. రోజుకి ఇద్దరు ముగ్గురికి సిగ్నల్ పోవాలి. ఎవరికి ఏ రోజు పోవాలో వారం మొదట్లోనే అనుకునేవారు.

"నేను ఇంటర్నెట్ వాళ్ళతో పోట్లాడాను కదమ్మా!"

"అప్పుడు చాలా భయపడ్డామండీ" అంది. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను.

లంకలో అతని సంగతి కూడా అప్పుడే తెలిసింది. వాళ్ళింట్లో సిగ్నల్ రాదు. చేపల చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటేనే వస్తుంది. పగలు పరవాలేదు, చీకటి పడ్డాక దోమలు పీకేస్తాయి. నేను లేచేదాకా అతను గట్టు మీద కాళ్ళకి దుప్పటి చుట్టుకుని కూర్చునేవాడట. నేనేమో అతని వెనకాల ఆకాశం చూసి ఎంత హాయో అనుకున్నాను.

"మరి నీ వంతు ఎప్పుడు?"

"నేను వంతు తీసుకోలేదండీ."

"ఏం?"

"అందరికీ సిగ్నల్ పోతే మీరొక్కరే అయిపోతారు కదండీ" అంది.

నన్నెవరో చెంప మీద కొట్టినట్టయింది. ఆమె అధికారి ముందు కూర్చున్న ఉద్యోగిలా కూర్చోలేదు. ఒంటరి మనిషికి తోడు పడుకోవడానికి పక్కింటివాళ్ళు పిల్లని పంపినట్టు వచ్చి కూర్చుంది. నేను జట్టుకి తోడు ఉన్నాననుకుంటుంటే, జట్టంతా వంతులేసుకుని నాకు తోడు కూర్చుంటోంది. జాలి పడ్డారన్నమాట. నా జీవితంలో ఎవరూ నా మీద జాలిపడే అవకాశం ఇవ్వలేదని అనుకునేదాన్ని.

"ఒక్క మాట నాతో అనొచ్చు కదా, సాయంత్రాలు కుదరదండీ అని? దానికి ఉద్యోగం మానుకోవాలా?"

"ఎలా అంటామండీ, బాగోదు కదండీ. పిల్ల నాతో మాటలు మానేసిందండీ. ఆరయితే అమ్మ ఉండదని మా అత్తయ్య గారి దగ్గరికెళ్ళిపోతోంది. మానేస్తే ఎవరికీ బాధుండదు కదా అనుకున్నానండీ."

బయటివాళ్ళకి ఇది పిచ్చిగా అనిపిస్తుంది. మాకు కాదు. మా వైపు ఉద్యోగం మానెయ్యడానికి ఒక్క మెయిలు చాలు. పెద్దావిడ ముందు నుంచి లేచి వెళ్ళడానికి మాత్రం తెగింపు కావాలి. హైదరాబాదు డైరెక్టరు గారు కాల్ కట్ చేసేదాకా నేనూ కట్ చెయ్యను. ఆయన ఫోను మరిచిపోయి ఇంకెవరితోనో మాట్లాడుతుంటే కూడా చెవి దగ్గర పెట్టుకుని ఉంటాను. నా పైవాళ్ళ దగ్గర నేను చేసే పనే నా కిందవాళ్ళు నా దగ్గర చేస్తారని నాకు ఎందుకు తట్టలేదో!

"గది సోమవారం నుంచి ఉండదు. రాజీనామా వెనక్కి తీసుకో" అన్నాను.

"అలాగేనండీ" అంది. ఆ జవాబు పట్టుకుని రైలెక్కలేనని నాకు తెలుసు.

"అలాగే వద్దు. ఆలోచించుకుని చెప్పు."

"చూస్తానండీ." తరవాత, బండి వస్తుంటే, "వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి మేడం గారూ. తరచూ వస్తూండండి" అంది.

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. కోతకొచ్చిన చేలు వెనక్కి పోతున్నాయి. ఆ పిలుపు గురించే ఆలోచించాను. ఆమె నిజంగా రమ్మందా? ఇంటికొచ్చిన పై అధికారి బండెక్కుతుంటే రమ్మనకుండా ఎవరుంటారు? నన్ను కాదనలేని మనిషి నన్ను రమ్మంటే, అందులో ప్రేమ ఎంతో మర్యాద ఎంతో ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళుగా నాకు వచ్చిన మంచి మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పుట్టినరోజు మెసేజీలు, మీరుంటే ధైర్యమండీ అన్న మాటలు, వాన పడుతోందండీ అన్న జవాబులు. ఇది మాత్రం నిజమని ఒక్కటీ తీసి పక్కన పెట్టుకోవడానికి లేకుండా పోయింది. దెందులూరు దాటేసరికి నా మీద నాకే చిరాకు వేసింది.

సోమవారం మీటింగులో గది సంగతి చెప్పాను. ఇకనుంచి ఆరింటికి నేనే కాల్ కట్ చేస్తాను, తరవాత ఎవరూ ఉండక్కర్లేదు అన్నాను. కొన్ని మైకుల్లోంచి గాలి వదిలిన శబ్దం వినిపించింది. నేను అంతటితో ఊరుకోలేదు. "ఇంకో మాట. నేను చెప్పిన ప్రతిదానికీ మీరు సరే అనక్కర్లేదు. నచ్చకపోతే కుదరదని చెప్పండి. ఈ వారం ప్రతి ఒక్కరూ నాకు ఒక్కదానికైనా కాదని చెప్పాలి" అన్నాను. తరవాత పద్నాలుగు గొంతులూ ఒకదాని వెనక ఒకటి "అలాగేనండీ మేడం గారూ" అన్నాయి. తల పట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఆరింటికి చెప్పిన మాట ప్రకారం కట్ చేశాను. తెర మీద నా ముఖం ఒక్కసారి కనిపించి పోయింది. ల్యాప్‌టాపు మూత వేసేశాక ఏం చెయ్యాలో తోచలేదు. ఉప్మా చేసుకుంటే తినబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి కాలవ గట్టున నడవడం మొదలుపెట్టాను. అక్కర్లేకపోయినా రైతుబజారుకెళ్ళి వంకాయలు బేరమాడేదాన్ని. నాతో ఎవరో ఒకరు పోట్లాడుతున్నారు కదా అని సంతోషం. వంకాయలు ఫ్రిజ్‌లో పేరుకుపోయాయి. పెద్ద పదవిలో ఉంటే ఒంటరితనం తప్పదని ఆ శిక్షణాయన ఒక మాట అన్నాడు. అన్నాక వెంటనే ఇంకో స్లైడుకి వెళ్ళిపోయాడు. దాని గురించే కాసేపు ఆగి ఉంటే ఎంత బాగుండేదో.

భీమడోలు నుంచి ఏ కబురూ లేదు. రోజూ పని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఆ ఒక్క సంగతీ తప్ప. ఆ ఆదివారం నేను భోజనానికి వెళ్ళలేదు, ఆమె గుర్తు చెయ్యలేదు. ఆమె స్థానంలో ఎవరిని అనుకుంటున్నారని హైదరాబాదు నుంచి అడిగారు. చూస్తున్నానన్నాను. ఇంకోసారి అడిగారు. ఇంకా చూస్తున్నానన్నాను. నోటీసు నెల అయిపోవచ్చింది, ఆఖరి వారం మొదలవబోతోంది.

ఇక ఆగలేక శనివారం బజారుకెళ్ళి వాళ్ళ పిల్ల కోసం కమలాలు కొన్నాను. ఇంటికొచ్చి ఫోన్ చేశాను. ఎత్తగానే వెనకాల ఇల్లంతా వినిపించింది. కుక్కరు విజిలేస్తోంది, టీవీలో ఎవరో ఏడుస్తున్నారు, అత్తగారు పిల్లని గట్టిగా కేకలేస్తోంది, పిల్ల అంతకంటే గట్టిగా ఏడో ఎక్కం చెబుతోంది. ఆ ఇంట్లో అంత సందడి ఉంటుందని నేను ఎప్పుడూ ఊహించలేదు.

"రేపు ఖాళీయేనమ్మా నేను. భోజనానికి రమ్మన్నావు కదా, రానా?"

లైను పోయిందేమో అనుకున్నాను. పోలేదు, ఎక్కం వినిపిస్తూనే ఉంది.

"రేపు వద్దండీ మేడం గారూ" అంది.

ఇంట్లో ఎవరికో బాగాలేదనో, ఊరెళ్తున్నామనో చెబుతుందని చూశాను. చెప్పలేదు.

"రేపు మేం నలుగురమే ఉందామనుకున్నామండీ. పిల్ల అడిగింది. ఇంకెప్పుడన్నా నేనే పిలుస్తానండీ." మాట మార్చలేదు.

"మంచిదమ్మా" అన్నాను. "ఉంటాను మరి." ఆమె కట్ చేస్తుందేమో అని ఒక్క నిమిషం చూసి, నేనే కట్ చేశాను.

రాజీనామా సంగతి నేనడగలేదు, అడగక్కర్లేదని అర్థమైంది. వెళ్ళిపోదామనుకున్న వారంలో ఆమె నేను చెప్పిన ఏ పనికీ కాదనలేదు, ఏం చెప్పినా తలూపింది. వెళ్ళిపోయేవాళ్ళకి మనతో పేచీ ఎందుకు? రేపూ ఎల్లుండీ మన మధ్యే ఉండాలనుకున్న మనిషే వద్దని చెప్పే కష్టం పడుతుంది. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో కిందివాళ్ళెవరైనా నా ముఖాన వద్దన్నది అదే మొదటిసారి. ఇకమీదట ఆమె ఎప్పుడన్నా రమ్మంటే నేను నమ్మవచ్చు. హైదరాబాదుకి ఆ సాయంత్రమే మెయిలు పెట్టాను, ఇంకెవరినీ చూడక్కర్లేదు, ఆమె ఉంటోంది అని.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పన్నెండున్నర అయింది. ఇంట్లో వంకాయలు తప్ప ఏం లేవు. పెరుగన్నం తిని కుర్చీలో కూర్చుని కమలాల సంచి విప్పాను. తీయగానే ఉన్నాయి. అయినా రెండో పండు ఒలుస్తుంటే ఏడుపొచ్చింది. ఎవరి ముందూ ఆపుకోవలసిన పని లేదు కనక ఆపుకోలేదు.